క్రిప్టో సదస్సులో కోర్, నాట్స్ తగువును తప్పించుకోవడం ఎలా?

మాది గంజాం జిల్లా బరంపురం. కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. వచ్చే నెల బెంగళూరులో ఒక క్రిప్టో సదస్సు ఉందంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీశాను. మా బావ కూడా వస్తున్నాడు. అదే టెన్షన్.

ఇద్దరం ఇంట్లో బిట్‌కాయిన్ నోడ్ (లావాదేవీలను సరిచూసి ముందుకు పంపే కంప్యూటర్) నడుపుతాం. దానికి వాడే రెండు సాఫ్ట్‌వేర్లే కోర్, నాట్స్. 2025 అక్టోబరులో వచ్చిన కోర్ 30వ వెర్షన్, లావాదేవీకి తగిలించే ఓపీ రిటర్న్ డేటా పరిమితిని 83 బైట్ల నుంచి ఏకంగా లక్షకు పెంచింది. బావకు ఒళ్లు మండి నాట్స్‌కు మారిపోయాడు. బొమ్మలూ చెత్తా నింపుకోవడానికి తలుపులు బార్లా తీశారంటాడు. ఫీజు కట్టినవాడిని ఆపడానికి మనమెవరం అంటాను నేను. 2017 ఆగస్టులో బ్లాకు (లావాదేవీల కట్ట) సైజు గొడవ ముదిరి బిట్‌కాయిన్ క్యాష్ విడిపోయింది కదా, ఇదీ అంతదాకా పోతుందని ఆయన నమ్మకం.

మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అమ్మితే 1 శాతం టీడీఎస్, నష్టాన్ని సర్దుకునే వీలే లేదు. కొట్లాడాలంటే దాని మీద కొట్లాడొచ్చుగా!

ఇలాంటి సదస్సులకు వెళ్లొచ్చిన అన్నలూ, అక్కలూ చెప్పండి. ఎదురుపడినప్పుడు కూడా ఈ తగువు ఇంత ఘాటుగా ఉంటుందా? ఏ నోడ్ అని అడిగితే దాటేస్తే తప్పుగా అనుకుంటారా? ప్రసంగాలు వదిలేసి వర్క్‌షాపుల్లోనే కూర్చుంటే నయమా? ప్రశ్నల సమయంలో బావ చేతికి మైకు అందకుండా చూసే ఉపాయం ఉంటే అది ముందు చెప్పండి. ఒడియాలో రాసినా ఫర్వాలేదు, చదువుకుంటాను.