2017-18 సీరీ ఆ (ఇటలీ ఫుట్‌బాల్ లీగ్): నాపోలి టైటిల్ పోగొట్టుకుందా, లాక్కున్నారా?

నీలిచొక్కా:
నిన్న వేరే థ్రెడ్‌లో ఒకాయన, మా నాపోలి 91 పాయింట్లు తెచ్చుకుని కూడా యువెంటస్ మీద టైటిల్ గెలవలేదంటే అది చేతకానితనమేనని తేల్చేశాడు. అందుకే ఇది. 2018 ఏప్రిల్ 22, టూరిన్‌లో యువెంటస్‌తో, మనకు అర్ధరాత్రి పన్నెండుంపావు మ్యాచ్. చివరి నిమిషంలో మా కయెహోన్ కార్నర్ తీశాడు, మా కూలిబాలీ అందరికంటే పైకి లేచి తలతో కొట్టాడు, 1-0. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారని దిండు నోట్లో కుక్కుకుని అరిచాను. తేడా ఒక్క పాయింటుకి దిగింది, ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి. ఆరు రోజులకి ఇంటర్-యువెంటస్. ఇంటర్ ఆటగాడు వెసీనోకి ముందు పసుపు కార్డిచ్చి, వీఏఆర్ (వీడియో రిఫరీ) చూసి 18వ నిమిషంలోనే ఎర్ర కార్డు చేశారు. సరే. మరి అప్పటికే పసుపు కార్డున్న యువెంటస్ ప్యానిచ్, ఇంటర్ రఫీన్యా మీదికి ఎగిరి తన్నితే? రెండో పసుపంటే బయటికే, అయినా ఏమీ లేదు. ఇంతకంటే ఏం చెప్పాలి?

నలుపుతెలుపు:
మళ్లీ ప్యానిచ్. ఎనిమిదేళ్ల నుంచీ ఇదొక్కటే పాట. రెండో పసుపు కార్డు విషయంలో వీఏఆర్ కలగజేసుకోకూడదు, అప్పటి రూలే అది. అయినా ఆ ఫౌల్ జరిగినప్పుడు స్కోరు 1-1. ఆ తర్వాత మా బర్జాగ్లి సెల్ఫ్ గోల్‌తో పది మంది ఇంటరే ముందుకెళ్లింది! 87వ నిమిషం దాకా మేం 2-1తో వెనకే ఉన్నాం. గెలిపించాలనుకున్న రిఫరీ అంతసేపు ఆగుతాడా?

గోల్‌పోస్ట్‌బాబాయ్:
వచ్చారండీ ఇద్దరూ. టీ పెట్టుకొస్తా.

నీలిచొక్కా:
స్కోరు ఎంతుంటే ఏంటి బ్రదర్? మిగిలిన అరగంట పదిమందికి పదిమంది ఆడాల్సింది. ఆ రిఫరీ ఒర్సాటోనే 2021లో టీవీకొచ్చి పొరపాటు చేశానన్నాడు. చేసినాయన ఒప్పుకున్నా మీరు ఒప్పుకోరు.

నలుపుతెలుపు:
ఒప్పుకున్నాడు, కాదనట్లేదు. కానీ లెక్క చూడు. మేం చివరికి 95, మీరు 91. ఆ రోజు ఇంటర్ దగ్గర మేం ఓడిపోయామనే అనుకో, మూడు పాయింట్లు తీసెయ్. 92. మీకంటే ఇంకా ఒకటెక్కువ. ప్యానిచ్‌ని బయటికి పంపినా, జైల్లో పెట్టినా టైటిల్ మాదే. దీనికి సమాధానం చెప్పు, ఒర్సాటో టీవీ సంగతి తర్వాత.

మిడ్‌ఫీల్డ్:
నాపోలి ఎడమ డిఫెండర్ ఘులామ్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? నవంబర్‌లో మాంచెస్టర్ సిటీ మీద ఆడుతూ మోకాలు పోయింది, ఎడమ పక్క ఆట అక్కడే సగమైంది. అంతకుముందే స్ట్రైకర్ మిలిక్ మోకాలు. కోచ్ సర్రి ఏమో అదే పదకొండు మందిని ఆగస్టు నుంచి అరగదీశాడు. సస్సుయోలోతో 1-1, మిలాన్‌తో 0-0... ఇవన్నీ ప్యానిచ్ ఫౌల్‌కి ముందే జరిగాయి.

నీలిచొక్కా:
మిడ్‌ఫీల్డ్ గారూ, మీ మాట నిజమే కానీ ఇప్పుడు విషయం అది కాదు. నలుపుతెలుపుకి చెప్తున్నా, నీ లెక్కలో ఒక మోసముంది. మీ మూడు పాయింట్లు తీసేసి మా 91 అలాగే ఉంచావు. ఆ శనివారం రాత్రి మీరు ఓడిపోయుంటే మర్నాడు ఫ్లోరెన్స్‌లో ఫియోరెంటినా మీద మావాళ్లు గెలిస్తే టాప్. ఏ కాళ్లతో ఆడేవాళ్లు? హోటల్లో కూర్చుని టీవీలో మీ మ్యాచ్ చూశారు, 87లో ఒకటి, 89లో హిగ్వాయిన్ ఇంకొకటి. మా దగ్గర్నుంచి 9 కోట్ల యూరోలకి మీరు కొనుక్కెళ్లిన హిగ్వాయినే! టైటిల్ హోటల్లోనే పోయిందని సర్రి ఊరికే అనలేదు. తెల్లారి ఎనిమిదో నిమిషానికే కూలిబాలీకి ఎర్ర కార్డు, వాళ్ల సిమియోనే హ్యాట్రిక్, 3-0తో ఓడాం.

నలుపుతెలుపు:
అదీ ఇప్పుడు బయటికొచ్చింది. పక్కవాడి మ్యాచ్ టీవీలో చూసి మంచం దిగలేకపోయారు. దానికి రిఫరీ ఏం చేస్తాడు? మార్చి 3న మా మ్యాచ్ లాజియోతో, 90 నిమిషాలూ ఏమీ లేదు, డిబాలా కింద పడిపోతూ కొట్టాడు. అదే రాత్రి మీరు మీ సొంత గడ్డ మీద రోమాకి నాలుగు గోల్స్ ఇచ్చారు. మీకు టెన్షన్ వస్తే దొంగతనం, మాకు వస్తే అదృష్టమా? 2006 రిఫరీల కుంభకోణానికి మేం రెండో శ్రేణి లీగ్ సీరీ బీకి వెళ్లి శిక్ష అనుభవించి వచ్చాం. అయినా గెలిచిన ప్రతిసారీ దొంగలు. విసుగొచ్చింది నాకు. ఏడుపుగొట్టు జట్టు, దానికి తగ్గ అభిమానులు.

కొత్తసభ్యుడు:
2022-23లో నాపోలి టైటిల్ కొట్టింది 90 పాయింట్లతోనేగా? ఒకటి తక్కువే.

గోల్‌పోస్ట్‌బాబాయ్:
పర్సనల్‌గా వెళ్లకండయ్యా.

నీలిచొక్కా:
వెళ్లనీ బాబాయ్, వెళ్లనీ. ఏడుపుగొట్టు అన్నాడుగా, చెప్తా. కొన్నేళ్ల కిందట ఒక ఉద్యోగ పరీక్షకి ఊరెళ్లి సెంటర్ దగ్గర లాడ్జిలో దిగాను. రెండు రోజుల పరీక్ష. మొదటి రోజు బాగా రాశాను. రాత్రి పక్క గది కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని వరండాలోకి వచ్చారు, పేపర్ బయటికొచ్చేసిందట, ఫలానావాళ్లకి ముందే అందిందట. నేను గదిలోకెళ్లి మంచం మీద కూర్చున్నా. తిరగని ఫ్యాను, గోడ మీద పాత క్యాలెండరు, బల్ల మీద తెరిచిన పుస్తకం. చదవబుద్ధి కాలేదు. పొద్దున్నే బ్యాగు సర్దుకుని బస్సెక్కేశా. చేతకానితనమంటావా? అను. ఆట ముందే అమ్ముడుపోయిందని నమ్మకం కలిగాక మనిషి పరిగెత్తడు. విరిచినవాణ్ని వదిలేసి విరిగినవాణ్ని తిడతావేం?

నలుపుతెలుపు:
పేపర్ నిజంగా లీకైందా?

మిడ్‌ఫీల్డ్:
అబ్బ, అదేం ప్రశ్న.

నలుపుతెలుపు:
కాదు, అడగాలి. వెటకారం కాదు.

నీలిచొక్కా:
లేదు. పుకారే. రెండో రోజు పేపర్ తేలికగా వచ్చిందని తర్వాత తెలిసింది. వరండాలో నాతో నిలబడ్డవాళ్లలో ఇద్దరు వెళ్లి రాశారు.

నలుపుతెలుపు:
నేను చెప్పేదీ అదే గురూ. ఫియోరెంటినా మీద మీరు గెలిచుంటే తేడా మళ్లీ ఒకటే, మూడు మ్యాచ్‌లు మిగిలుండేవి. తర్వాత టొరీనోతో సొంతగడ్డ మీద 2-2 చేశారు, అప్పుడే హోటలూ లేదు, ఒర్సాటో కూడా లేడు. నీ బాధ నాకర్థమైంది, ఏడుపుగొట్టు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ రోజు లాడ్జిలో నిన్ను ఆపినవాళ్లెవరూ లేరు.

నీలిచొక్కా:
లాడ్జి పుకారు. ప్యానిచ్ ఫౌల్ పుకారు కాదు, కోట్లమంది చూశారు. రెంటినీ ఒక గాటన కట్టకు.

కొత్తసభ్యుడు:
మరి సర్రి 2019లో యువెంటస్‌కే వెళ్లి మర్నాటి ఏడాది టైటిల్ కొట్టాడు కదా, దానికేమంటారు నీలిచొక్కా గారూ?

గోల్‌పోస్ట్‌బాబాయ్:
అయ్యో, దాన్నెందుకు కెలికావు బాబూ.

నీలిచొక్కా:
ఆ పేరు నా ముందు ఎత్తకండి.

నలుపుతెలుపు:
హహ. సరే, ప్యానిచ్‌కి రెండో కార్డు చూపించాల్సిందే. ఇక్కడే రాస్తున్నా, స్క్రీన్‌షాట్ తీసి దాచుకో. ఆ మూడు గోల్స్ మాత్రం ఫ్లోరెన్స్‌లోనే పడ్డాయి.

నీలిచొక్కా:
ఎనిమిదో నిమిషం నుంచి పదిమందితో.