బెర్లిన్ మారథాన్ చరిత్ర: మొదలైన ఏడాది దగ్గర్నుంచి రికార్డుల లెక్క దాకా ఒక్కోచోట ఒక్కోలా ఉంది

గోదారిగట్టు:
మా రన్నింగ్ గ్రూపు పత్రిక కోసం బెర్లిన్ మారథాన్ మీద రెండు పేజీల వ్యాసం రాస్తున్నాను. చదివినకొద్దీ చిక్కులు పెరుగుతున్నాయి. కొందరు 1974లో మొదలైందంటారు, కొందరు 1981 అంటారు. 1974 అనుకుంటే 2024లో జరిగింది 51వది కావాలి కదా, 50వది అని పండగ ఎందుకు చేశారు? ప్రపంచ రికార్డులు ఒక జాబితాలో 9 ఉంటే ఇంకో జాబితాలో 13 ఉన్నాయి. పైగా 2011 ఏప్రిల్‌లో బోస్టన్‌లో జెఫ్రీ ముతాయ్ 2:03:02 పరిగెత్తాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బెర్లిన్‌లో 2:03:38 పరిగెత్తిన పాట్రిక్ మకావుకి ప్రపంచ రికార్డు ఇచ్చారు. ఇదెలా? ఇన్ని రికార్డులకు కారణం "దారి చదునుగా ఉంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, తేదీలతో సహా ఇస్తే మరీ మంచిది.

నీలిగీత:
1974 అనే రాయండి, అందులో అనుమానం లేదు. ఆ ఏడాది అక్టోబర్ 13న పశ్చిమ బెర్లిన్‌లోని గ్రూనెవాల్డ్ అడవి దారుల్లో జరిగింది. నడిపింది ఎస్‌సీ షార్లోటెన్‌బుర్గ్ అనే అథ్లెటిక్స్ క్లబ్బు, వెనక ఉండి అంతా చూసుకున్నది హోర్స్ట్ మిల్డె అనే బేకరీ ఆయన. అప్పటి పేరు 'బెర్లినర్ ఫోక్స్‌మారథాన్', అంటే జనం మారథాన్. 286 మంది బయల్దేరితే 244 మంది చివరిదాకా వచ్చారు. పురుషుల్లో గుంటర్ హల్లాస్ 2:44:53తో, మహిళల్లో యుట్టా ఫాన్ హాజె 3:22:01తో గెలిచారు. ఒలింపిక్స్‌లో మహిళలకి మారథాన్ పెట్టింది 1984లో. ఇక్కడ మొదటి ఏడాదే మహిళా విజేత ఉంది. వ్యాసంలో ఈ మాట వదలకండి.

50వ సంఖ్య సంగతి తేలికే. 1974 నుంచి 2024 వరకు రెండు చివరలూ కలిపితే 51 ఏళ్లు. 2020లో కోవిడ్ వల్ల పోటీ జరగలేదు, దాన్ని లెక్కలో వేయలేదు. మిగిలినవి 50. "50వ మారథాన్" అనండి సరిపోతుంది. 1974 నుంచి 2024కి 50 ఏళ్లు నిండాయి కాబట్టి "50వ వార్షికోత్సవం" అన్నా తప్పు కాదు. 2024 సెప్టెంబర్ 29న జరిగిన ఆ 50వ పోటీలో 54,280 మంది ముగింపు గీత దాటారు.

ఇక 1981 ఎందుకు వినిపిస్తుందంటే, అడవిలోంచి ఊళ్లోకి వచ్చింది ఆ ఏడాదే.

మైలురాయి:
ఆ 1981 కథ కొంచెం విడమరిచి చెప్పాలి, మీ వ్యాసానికి అసలు సరుకు అక్కడే ఉంది.

పశ్చిమ బెర్లిన్ అప్పట్లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాల సెక్టార్లుగా ఉండేది. చుట్టూ గోడ. ఊరి నడిమధ్య పెద్దరోడ్లు గంటల తరబడి మూసేయమంటే పోలీసులు ససేమిరా అన్నారు. 1981 మేలో ఫ్రెంచి సైన్యం 25 కిలోమీటర్ల పరుగు పెట్టి నగర వీధుల్లో నడిపించింది. ఆక్రమిత నగరంలో సైన్యం అడిగితే కాదనే పోలీసు ఎవరు? దాంతో "వాళ్లకి ఇచ్చిన రోడ్డు మాకెందుకు ఇవ్వరు" అని క్లబ్బువాళ్లు అడగడానికి దారి దొరికింది. సెప్టెంబర్ 27న మారథాన్ కూడా వీధుల్లోకి వచ్చింది. బయల్దేరింది పాత పార్లమెంటు భవనమైన రైష్‌టాగ్ ముందు నుంచి. ఆ భవనం బ్రిటిష్ సెక్టార్‌లో ఉంది, దాని వెనకే గోడ. ముగిసింది కుర్ఫ్యుర్‌స్టెన్‌డమ్ మీద, అక్కడివాళ్లు ముద్దుగా 'కుడమ్' అనే బజారు వీధిలో. 3,486 మంది పేర్లిచ్చారు. ఏడేళ్ల కిందటి 286తో పోల్చుకోండి. బ్రిటన్‌కి చెందిన ఇయాన్ రే 2:15:41తో గెలిచాడు.

తర్వాతి మలుపు 1990 సెప్టెంబర్ 30. జర్మనీ ఏకీకరణ అక్టోబర్ 3న, అంటే ఇంకా మూడు రోజులుంది. కాగితం మీద రెండు దేశాలు, రోడ్డు మీద ఒకే పరుగు. దాదాపు 25,000 మంది బ్రాండెన్‌బర్గ్ గేట్ కిందుగా తూర్పు బెర్లిన్‌లోకి పరిగెత్తారు. పురుషుల్లో ఆస్ట్రేలియాకి చెందిన స్టీవ్ మోనెగెట్టి 2:08:16, మహిళల్లో ఊటా పిప్పిగ్ 2:28:37. పిప్పిగ్ తూర్పు జర్మనీలో పెరిగిన అమ్మాయి. ఈ ఒక్క వరుస రాస్తే చాలు, ఆ రోజు గురించి వేరే వర్ణన అక్కర్లేదు.

ఒక జాగ్రత్త: గేట్ దాటాక ముగింపు గీత అన్నది 2003 నుంచే. 1990లో గేట్ దారి మొదట్లో వచ్చింది, ముగింపు కుడమ్ వైపే. 1990 ఫొటో పెట్టి "ముగింపు దగ్గర పరుగరులు" అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఆ పని చేయకండి.

కొలబద్ద:
రికార్డుల లెక్కకి వద్దాం. 9 అన్నది పురుషులది మాత్రమే. మహిళలవి 4 కలిపితే 13. రెండు జాబితాలూ సరైనవే, శీర్షిక చూసుకోవాలంతే.

పురుషులు: 1998 రొనాల్డో డా కోస్టా 2:06:05, 2003 పాల్ టెర్గాట్ 2:04:55, హైలీ గెబ్రసెలాసీ రెండుసార్లు (2007లో 2:04:26, 2008లో 2:03:59), 2011 మకావు 2:03:38, 2013 విల్సన్ కిప్సాంగ్ 2:03:23, 2014 డెనిస్ కిమెట్టో 2:02:57, ఎలియుడ్ కిప్చోగె రెండుసార్లు (2018లో 2:01:39, 2022లో 2:01:09). 

మహిళలు: 1977 క్రిస్టా ఫాలెన్‌జీక్ 2:34:48, 1999 టెగ్లా లోరూపె 2:20:43, 2001 నవోకో తకహాషి 2:19:46, 2023 తిగిస్ట్ అసెఫా 2:11:53.

ఇందులో రెండు గమనించండి. బెర్లిన్‌లో మొదటి ప్రపంచ అత్యుత్తమ సమయం ఒక మహిళది, అదీ వీధుల్లోకి రాకముందు, 1977లో. పురుషులది అందుకు ఇంకా 21 ఏళ్లు పట్టింది. రెండోది, మారథాన్‌కి 'ప్రపంచ రికార్డు' అన్న అధికారిక హోదా 2004 జనవరి 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందువి 'ప్రపంచ అత్యుత్తమ సమయాలు'. టెర్గాట్ 2003 పరుగుని తొలి అధికారిక పురుషుల రికార్డుగా తీసుకున్నారు. డా కోస్టా పేరు పక్కన 'రికార్డు' అని రాస్తే పట్టుకునేవాళ్లు పట్టుకుంటారు.

బోస్టన్ సంగతి: రికార్డు గుర్తించాలంటే దారికి రెండు షరతులు. బయల్దేరే చోటికీ ముగిసే చోటికీ మధ్య గీతగీసినట్టు దూరం మొత్తం దూరంలో సగానికి మించకూడదు. ఎత్తు కిలోమీటరుకి 1 మీటరు కంటే ఎక్కువ తగ్గకూడదు, అంటే మొత్తం 42 మీటర్లు. బోస్టన్ రెండింట్లోనూ తప్పుతుంది. ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో తేలుతుంది, దాదాపు 140 మీటర్లు దిగుతుంది. వెనకగాలి వీచిందంటే దారి పొడవునా తోస్తూనే ఉంటుంది, 2011లో అదే జరిగింది. బెర్లిన్ చుట్టు తిరిగి దాదాపు మొదలైన చోటికే వస్తుంది, వెనకనుంచి తోసిన గాలే తర్వాత ఎదురవుతుంది.

టెర్గాట్ నుంచి కిప్చోగె దాకా, 2003 సెప్టెంబర్ 28 నుంచి 2023 అక్టోబర్ 8 వరకు పురుషుల రికార్డు బెర్లిన్ దాటి పోలేదు. ఆ రోజు షికాగోలో కెల్విన్ కిప్టుమ్ 2:00:35తో తీసుకుపోయాడు. మహిళలది కూడా 2024లో షికాగోకే వెళ్లింది.

వరంగల్‌పేసర్:
"చదును" ఒక్కటే కారణం అనడం నాకు నచ్చదు. చదునైన మాట నిజమే, సముద్రమట్టానికి 38 నుంచి 53 మీటర్ల మధ్యే దారంతా. హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద ఆగస్టు ఉక్కలో పరిగెత్తేవాళ్లకి ఇది కలలాంటిదే. కానీ రాటర్‌డామ్ కూడా చదునే, 1998 దాకా పురుషుల అత్యుత్తమ సమయం అక్కడిదే (బెలైనె డిన్సామో, 1988లో 2:06:50). చదునుకి తోడు సెప్టెంబర్ చివరి చల్లదనం, వెడల్పాటి రోడ్లు, అన్నిటికన్నా ముఖ్యంగా పేసర్లు (అనుకున్న వేగంతో ముందు పరిగెత్తి, మధ్యలో తప్పుకునేవాళ్లు) ఉండాలి.

పేసింగ్ ఎలా పనిచేస్తుందో సగాల సమయాలు చూస్తే తెలుస్తుంది. డా కోస్టా మొదటి సగం 1:04:42, రెండో సగం 1:01:23. మొదట్లో ఎవరూ రికార్డు ఊహించలేదు. 2003లో పేసర్‌గా వచ్చిన సామీ కోరిర్ ఆగిపోకుండా టెర్గాట్ వెంటే ఉండి ఒక్క సెకను తేడాతో రెండోవాడయ్యాడు. 2018లో కిప్చోగెకి ముగ్గురు పేసర్లుంటే ఇద్దరు 15 కిలోమీటర్ల దగ్గరే తప్పుకున్నారు, మూడోవాడు 25 దాకా లాగాడు. మిగిలిన 17 కిలోమీటర్లు ఒంటరిగానే. అయినా 1:01:06, 1:00:33. రెండో సగమే వేగం. 2022లో తిరగబడింది: మొదటి సగం 59:51, రెండోది 1:01:18. రికార్డు వచ్చింది కానీ మొదటి సగం దూకుడుకి రెండో సగంలో ధర కట్టాడు. సగటు కిలోమీటరుకి 2 నిమిషాల 52 సెకన్లు.

వాతావరణం కలిసిరాకపోతే ఏ చదునూ కాపాడదు. 2025 సెప్టెంబర్ 21న ఎండ కాసింది. సబాస్టియన్ సావే పెద్ద తేడాతో గెలిచినా 2:02:16 దగ్గర ఆగాడు.

గోదారిగట్టు:
చాలా థాంక్సండీ, నేను అనుకున్నదానికన్నా ఎక్కువే దొరికింది. ఇంకొక్కటి. చివర్లో అక్కడ పరిగెత్తబోయేవాళ్ల కోసం చిన్న పెట్టె వేయాలి. రోడ్డు మీద నీలిగీత ఉంటుందంటారు. అది పట్టుకుని పరిగెత్తితే చాలా? అలాగే ఫలితాల్లో 5 కిలోమీటర్లకొక సమయం ఎందుకు వేస్తారు?

కొలబద్ద:
నీలిగీత దారిలో అతి దగ్గరి మార్గం. కొలిచేవాళ్లు సైకిల్ ముందుచక్రానికి జోన్స్ కౌంటర్ అనే లెక్కపెట్టే పరికరం బిగిస్తారు. ఉక్కు టేపుతో కొలిచి గుర్తుపెట్టిన తిన్నని రోడ్డు ముక్క మీద, దారి కొలవడానికి ముందూ కొలిచాకా తొక్కి, కిలోమీటరుకి ఎన్ని గణనలో తేల్చుకుంటారు. రెండుసార్లు ఎందుకంటే మధ్యలో ఎండెక్కితే టైర్‌లో గాలి వ్యాకోచించి చుట్టుకొలత మారుతుంది. దారి కొలిచేటప్పుడు మలుపుల దగ్గర కాలిబాట అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుతారు. దారి పొట్టిగా తేలకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే 42 మీటర్లు అదనంగా కలుపుతారు.

యాభై వేల మందిలో ఆ గీత మీదే ఉండటం మామూలు పరుగరుల వల్ల కాదు. మలుపుల్లో బయటివైపు నెట్టుకుపోతారు, నీళ్ల బల్లలకోసం పక్కకి వెళ్తారు. పైగా ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ తడబడుతుంది. 4 గంటల లక్ష్యానికి కిలోమీటరుకి 5:41 కావాలి. వాచీ చూపే 5:41ని నమ్మి మొత్తం 42.5 కిలోమీటర్లు పరిగెత్తారంటే 4:01:30 దాటిపోతుంది. అందుకని వాచీలో ఆటో ల్యాప్ (ప్రతి కిలోమీటరుకీ వాచీ తనంతట తానే సమయం వేయడం) ఆపేసి, రోడ్డు పక్క కిలోమీటరు బోర్డు దగ్గర చేత్తో నొక్కమనండి, లక్ష్యం కూడా 5:38 పెట్టుకోమనండి. నీళ్ల దగ్గర మొదటి బల్లకి ఎగబడొద్దు, చివరి బల్లల దగ్గర జనం పల్చగా ఉంటారు. కింద పడిన కప్పుల మీద కాలు జారుతుంది, అక్కడ అడుగులు చిన్నవి చేయాలి.

నీలిగీత:
5 కిలోమీటర్ల సమయాల గురించి: నేలమీద పరిచిన చాప దాటగానే పరుగరి దగ్గరుండే చిప్ నమోదవుతుంది. మీ పేస్ ఎక్కడ పడిపోయిందో ఇంట్లోవాళ్లకి కూడా తెలుస్తుంది, దొంగదారి పట్టినవాళ్లూ దొరుకుతారు. 2007లో మెక్సికో రాజకీయ నాయకుడొకడు, అంతకుముందు ఏడాదే అధ్యక్ష పదవికి పోటీచేసినవాడు, తన వయసు విభాగంలో 2:41:12తో మొదటివాడిగా తేలాడు. చిప్ లెక్క తీస్తే మధ్యలో రెండు చాపల దగ్గర నమోదే లేదు. 20 నుంచి 35 దాకా 15 కిలోమీటర్లు 21 నిమిషాల్లో వచ్చినట్టు తేలింది. ప్రపంచంలో అత్యంత వేగంగా పరిగెత్తేవాళ్లకే 40 నిమిషాలు పట్టే దూరం అది. గెలుపు తీసేశారు.

మీ గ్రూపులో ఎవరి ఫలితంలోనైనా ఒక చాప సమయం ఖాళీగా కనిపిస్తే మాత్రం వెంటనే అనుమానించకండి, చిప్ ఒక్కోసారి చదవబడదు. దానికి ముందూ వెనకా ఉన్న సమయాల పేస్ ఒకేలా ఉందా అని చూడండి చాలు.