మా హైస్కూలు క్రీడాకారుల ఫలకం మీద ఎవరి పేర్లు ఉండాలి?

పాత బ్యాచ్ 1982
మిత్రులకు నమస్కారం. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వచ్చే జనవరితో డెబ్బై అయిదేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా ఆటల గది గోడకు నల్లరాతి ఫలకం పెట్టి, బడికి పేరు తెచ్చిన పూర్వ క్రీడాకారుల పేర్లు చెక్కించాలని పూర్వ విద్యార్థుల సంఘం నిర్ణయించింది. జాబితా తయారు చేసే బాధ్యత నాకు అప్పగించారు. రెండు నెలలు పాత రిజిస్టర్లు తిరగేసి ఇరవై ఒక్క పేర్లు తేల్చాను. నియమం ఒక్కటే. రాష్ట్రస్థాయిలోగానీ అంతకు పైస్థాయిలోగానీ ఆడినట్టు ధ్రువపత్రం ఉండాలి. ఊరి పేరు రాయడం లేదు, ఇక్కడున్న మా ఊరివాళ్లకు తెలుసు. మిగతావాళ్లు మీ బడుల్లో ఎలా చేశారో చెప్పండి.

వాలీబాల్ కోర్టు
మంచి పని తలపెట్టారు. చేతనైనంత పంపిస్తాను.

మామిడితోట
ఇరవై ఒకటిలో ఆడపిల్లలు ఎంతమంది?

పాత బ్యాచ్ 1982
ఇద్దరు. ఒకరు జావెలిన్, ఒకరు లాంగ్‌జంప్. ఆడా మగా అని చూడలేదమ్మా, ధ్రువపత్రం ఉందా లేదా అన్నదే చూశాను.

మామిడితోట
అయితే 1987 నాటి ఖోఖో జట్టు లేదన్నమాట.

ఆ జట్టులో మా అక్క ఆడింది. అప్పుడు తొమ్మిదో తరగతి. గ్రిగ్ పోటీల్లో, అంటే బడుల మధ్య జరిగే ఆటల పోటీల్లో, జిల్లా గెలిచి జోనల్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టు అది. జిల్లా ఫైనల్ మన మైదానంలోనే జరిగింది. నేను ఆరో తరగతి, గోడ ఎక్కి చూశాను. ముందురోజు సాయంత్రం సున్నంతో గీతలు వేస్తే రాత్రి జల్లు పడి సగం చెరిగిపోయాయి. పొద్దున్నే అక్కావాళ్లే బకెట్టు పట్టుకుని మళ్లీ వేసుకున్నారు. ఓణీలు నడుముకు బిగించి కట్టి, చెప్పులు లేకుండా ఆడారు. చివరి వంతులో అవతలి అమ్మాయి స్తంభం దగ్గర ఎంతకీ దొరకడం లేదు. మా అక్క ఎడమచేత్తో స్తంభం పట్టుకుని, ఒళ్లంతా ముందుకు విసిరి, ఆ అమ్మాయి మడమ తాకింది. మోచేయి చీరుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

రాష్ట్ర పోటీలకు వెళ్లే జోన్ జట్టుకు అక్కను ఎంపిక చేశారు. మూడు రోజులు వేరే ఊళ్లో ఉండాలి. నాన్న పంపలేదు. డ్రిల్లు మాస్టారు రెండుసార్లు ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని బతిమాలారు. రెండోసారి ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వనివ్వలేదు నాన్న. వెళ్లని పిల్లకు ధ్రువపత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

పాత బ్యాచ్ 1982
మీ అక్కగారి ఆట నాకూ గుర్తుంది. కానీ జోనల్ రాష్ట్రస్థాయి కాదు. వరుస ఇది: డివిజన్, జిల్లా, జోనల్, ఆ తర్వాత రాష్ట్రం. ఫుట్‌బాల్‌లో జోనల్ ఆడినవాళ్లే పదిమందికి పైగా ఉన్నారు. వాళ్లనూ చేర్చలేదు.

మామిడితోట
కొన్ని జిల్లాలు కలిస్తే జోన్. వాటన్నిటిలో రెండో స్థానంలో నిలిచిన జట్టును లెక్కలోకి రాదంటున్నారు. రాష్ట్ర పోటీల్లో మొదటి రోజే ఓడి తిరిగొచ్చినవాళ్లు లెక్కలోకి వస్తారా?

పాత బ్యాచ్ 1982
వస్తారు. ఆ మెట్టు ఎక్కారు కాబట్టి. జోనల్ రాష్ట్రస్థాయి కాదు.

సున్నపు గీత
ఫలకం సంగతి తర్వాత చూసుకోవచ్చు. మైదానం ఏమైందో ఎవరైనా చూశారా? పోయిన సంక్రాంతికి వెళ్లాను. పడమటి వైపు ఖోఖో స్తంభాలు ఉండే చోట ఇప్పుడు అదనపు తరగతి గదులు. లాంగ్‌జంప్ గుంటలో కంకర. మిగిలిన జాగాలో వంద మీటర్ల పరుగు పందెం పెట్టడానికి కుదరదు. నేను అడుగులతో కొలిచాను, డెబ్బై దాటి లేదు. పరుగెత్తడానికి చోటు లేని బడిలో పాత పరుగుల పేర్లు చెక్కి ఎవరికి చూపిస్తారు? ఆ డబ్బుతో గుంట తవ్వించి ఇసుక పోయించండి.

వాలీబాల్ కోర్టు
అదీ నిజమే.

పాత బ్యాచ్ 1982
మైదానం గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, నేనూ వస్తాను. ఇక్కడ మాట్లాడుతున్నది ఫలకం గురించి.

డల్లాస్ తెలుగు
మా అమ్మాయి చదివే హైస్కూల్లో వ్యాయామశాల బయట ఇలాంటి గోడ ఉంది. అమెరికాలో చాలా బడుల్లో ఉంటుంది. పేరు ఎవరైనా ప్రతిపాదించవచ్చు, ఒక సంఘం కూర్చుని పరిశీలిస్తుంది. బడి వదిలాక కొన్నేళ్లు గడిచిన తర్వాతే అర్హత. ఎంపికైనవాళ్లను ఫుట్‌బాల్ మ్యాచ్ విరామంలో మైదానం మధ్యకు పిలిచి పరిచయం చేస్తారు. నాకు నచ్చింది ఏమిటంటే, విడి ఆటగాళ్లే కాదు, ఒక ఏడాది ఆడిన జట్టు మొత్తాన్ని, శిక్షకులను కూడా ఎంపిక చేస్తారు. మీ డ్రిల్లు మాస్టారి పేరు ఆ ఇరవై ఒకటిలో ఉందా?

పాత బ్యాచ్ 1982
లేదు. ఆయన ఉపాధ్యాయుడు, విద్యార్థి కాదు.

వ్యాయామ ఉపాధ్యాయుడు
ఈ మాట విని ఊరుకోలేకపోతున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇదే ఉద్యోగంలో ఉన్నాను. ప్యారిస్ పారాలింపిక్స్‌లో 2024లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తిది వరంగల్ దగ్గర కల్లెడ. ఆ పిల్ల పరుగును మొదట గమనించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. మల్లయోధుడు వీరఘట్టం కోడి రామమూర్తి గారు సర్కస్‌తో దేశమంతా పేరు తెచ్చుకోకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. పిల్లల ఇళ్ల అరుగుల మీద కూర్చుని తండ్రులను ఒప్పించడం కూడా మా పనిలో భాగమే. నేనూ కూర్చున్నాను. కొన్ని ఇళ్లలో గెలిచాను, ఎక్కువ ఇళ్లలో ఓడిపోయాను. ఓడిన ఇళ్ల పిల్లల పేర్లే ఎక్కువ గుర్తుంటాయి.

కూత
కబడ్డీ పేర్లు ఎన్ని ఉన్నాయో చెప్పండి ముందు.

పాత బ్యాచ్ 1982
ఆరు. అందరూ మగపిల్లలే. అడగబోయే ప్రశ్న అదే కదా?

కూత
అదే. ఆసియా క్రీడల్లో మగవాళ్ల కబడ్డీ 1990లో వచ్చింది, ఆడవాళ్ల కబడ్డీ 2010లో. ఇరవై ఏళ్ల తేడా. ఆ మధ్యలో మన ఊళ్లలో ఆడిన అమ్మాయిలు ఏ ధ్రువపత్రం తేవాలి?

పాత బ్యాచ్ 1982
ఆసియా క్రీడలు అడగలేదు, రాష్ట్రస్థాయి అడిగాను. 1980లలో ఆడపిల్లలకు రాష్ట్ర పోటీలు లేవా? ఉన్నాయి.

క్రీడ అంటే కొలత. అది వదిలేస్తే మిగిలేది పొగడ్తే. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కరణం మల్లీశ్వరి గారు వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. అందులో ఒక్క కిలో కూడా ఎవరి జాలి వల్లా రాలేదు. ఆమె పేరు నిలిచింది ఎత్తిన బరువు వల్ల, ఎత్తగలిగేవారన్న మాట వల్ల కాదు.

మామిడితోట
మీరే తెచ్చిన ఉదాహరణ కాబట్టి పూర్తిగా చెప్పండి. మల్లీశ్వరి 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆమె పేరు ఎందుకు లేదు? ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చిందే 2000లో. అంతకుముందు ఆమె ఎంత బరువెత్తినా అక్కడ తూచేవాళ్లే లేరు. సిడ్నీలో కూడా చేర్చకుండా ఇంకో నాలుగేళ్లు ఆగి ఉంటే, ఒలింపిక్ ధ్రువపత్రం లేదని ఆమె పేరు కూడా కొట్టేసేవారా?

మా అక్కను జాలితో చేర్చమని నేను అడగలేదు. జిల్లా ఫైనల్ గెలిచింది, ఆట కొలిచి చూశాకే జోన్ జట్టుకు ఎంపిక చేశారు.

పాత బ్యాచ్ 1982
ఎంపికైనట్టు కాగితం చూపించండి.

మామిడితోట
1987 నాటి ఎంపిక కాగితం ఎవరి ఇంట్లో ఉంటుంది?

పాత బ్యాచ్ 1982
ఉన్నవాళ్ల ఇంట్లో ఉంది. ఇరవై ఒక్క మందీ ట్రంకుపెట్టెల్లోంచి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి తెచ్చారు. ఒకాయన చెద తిన్న ముక్కలు అతికించి తెచ్చాడు. కన్నీళ్ల కథలు విని ఫలకాలు చెక్కరమ్మా.

కూత
ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి.

మామిడితోట
తీసుకోనవసరం లేదు. ఇన్నాళ్లూ మా ఇంట్లోనూ ఇదే మాట విన్నాం. ఖోఖో ఆడి ఏం సాధించావు అని పెళ్లిచూపుల్లో కూడా అడిగారు. అక్క ఏమీ అనలేదు. ఈరోజు ఆమె బడే ఆ మాట రాతి మీద చెక్కించబోతోంది. మీకు కాగితాల మీద అంత నమ్మకం ఎందుకో నేను చెబుతాను. మొదటి వరుసలో మీ పేరు చెక్కించుకుని ఉంటారు. అందుకే.

సున్నపు గీత
వ్యక్తిగతంగా వద్దు.

వాలీబాల్ కోర్టు
ఇద్దరూ కాసేపు ఆగండి.

పాత బ్యాచ్ 1982
ఆ ఇరవై ఒకటిలో నా పేరు లేదు.

చెప్పకూడదనుకున్నాను. మీరు అన్నారు కాబట్టి చెబుతున్నాను. 1981లో కబడ్డీ జిల్లా జట్టుకు ఎంపికయ్యాను. కుడి మూల నాది. పన్నెండు మంది జాబితాలో ఏడో పేరు, బోర్డు మీద అంటించిన కాగితంలో నా కళ్లతో చూశాను. బయలుదేరే రోజు ఇత్తడి టిఫిను గిన్నెతో బస్టాండుకు వెళితే, నా చోట ఇంకొకరిని తీసుకున్నాం, ఈసారికి ఆగు అన్నారు. ఒక అధికారి కొడుకు. మా నాన్న కల్లంలో పనిచేసే మనిషి, ఎవరిని అడుగుతాడు? పులిహోర గిన్నెతోనే వెనక్కి వచ్చాను. ఆ జట్టు రాష్ట్ర పోటీల్లో ఆడింది.

మాట మీద ఆధారపడితే ఏమవుతుందో నాకు అలా తెలిసింది. పెద్దవాళ్ల మాటకు విలువ, మా మాటకు లేదు. అందుకే కాగితం అన్నాను. కాగితం అందరినీ ఒకేలా చూస్తుంది. రేపు నేను మాట మీద మీ అక్కగారి పేరు చేర్చితే, ఎల్లుండి పలుకుబడి ఉన్నవాళ్లు పదిమంది ఇదే వాదనతో వస్తారు. అప్పుడు వాళ్లను ఆపేది ఏముంటుంది?

మామిడితోట
మిమ్మల్ని అలా అన్నందుకు క్షమించండి అన్నయ్యా. తెలియక అన్నాను.

ఒక్కటే అడుగుతాను. మీ చోట వెళ్లిన అబ్బాయి పేరు ఫలకం మీద ఉందా?

పాత బ్యాచ్ 1982
ఉంది. పద్నాలుగో పేరు. ధ్రువపత్రం తెచ్చాడు, నేనే సరిచూసి సంతకం పెట్టాను.

కూత
ఎలా పెట్టగలిగారు?

పాత బ్యాచ్ 1982
నియమం నేను పెట్టిందే.

మామిడితోట
కాగితం అందరినీ ఒకేలా చూడదు అన్నయ్యా. ఎవరిని బస్సు ఎక్కించారో వాళ్లనే చూస్తుంది. మిమ్మల్ని బస్టాండులో దించేశారు, మా అక్కను ఇంటి గడపలోనే ఆపేశారు. నేను అడిగేది పలుకుబడి ఉన్నవాళ్ల మాట వినమని కాదు. ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్లందరినీ అడగమని. ఒకరి మాట చాలకపోతే పదిమందిని అడగండి. ఆ రోజు గోడ మీద నా పక్కన కూర్చున్నవాళ్లు ఈ వేదికలోనే ఉండి ఉంటారు.

ఇంకో మాట. నేను మా అక్క ఒక్కదాని పేరే అడిగితే అది కూడా తప్పే. ఖోఖోలో ఎనిమిది మంది కూర్చుంటారు, తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. ఆమె ఖో అనగానే కూర్చున్నవాళ్లు సరైన క్షణంలో లేచి తరిమితేనే అవతలివాళ్లు అలిసి స్తంభం దగ్గరకు చేరతారు. మా అక్క ఆ మడమ తాకడానికి ముందు ఆరుగురు పరుగెత్తారు. డల్లాస్ ఆయన చెప్పినట్టు జట్టు మొత్తం కావాలి, అదనపు ఆటగాళ్లతో కలిపి పన్నెండు మందీ.

వ్యాయామ ఉపాధ్యాయుడు
బడి హాజరు పట్టీల్లో పోటీలకు వెళ్లిన రోజులు ‘ఓడీ’ (ఆన్ డ్యూటీ) అని ఎర్ర సిరాతో వేసేవారు. 1987 పట్టీలు ఉంటే, జోనల్‌కు వెళ్లిన పన్నెండు మందీ ఒకే తేదీల్లో కనిపిస్తారు. పాత బ్యాచ్ గారూ, అది కూడా కాగితమే కదా.

పాత బ్యాచ్ 1982
ఆ పట్టీలు చూడలేదు. ఆటల రిజిస్టర్లే చూశాను. బీరువా కింది అరలో ఉండాలి.

రాయి చెక్కే ఆయనకు సోమవారం దాకా ఆగమని ఫోను చేశాను. పట్టీల్లో దొరికితే జట్టును చేరుస్తాను. ఎక్కడ, ఎలా అన్నది సంఘం ముందు పెడతాను.

మామిడితోట
అడుగున చిన్న అక్షరాలతో అయితే వద్దు.

పాత బ్యాచ్ 1982
అవే అక్షరాలు. ఇంటిపేర్లు పెళ్లికి ముందువి రాసి పంపండి, పట్టీల్లో అవే ఉంటాయి. పద్నాలుగో పేరు తీయను. ధ్రువపత్రం ఉంది. నా పేరు చేర్చమని కూడా ఎవరూ అడగవద్దు.

జోనల్ రాష్ట్రస్థాయి కాదన్న మాట మాత్రం మార్చుకోలేదు.

సున్నపు గీత
గుంటలోకి ఇసుక సంగతి సంఘం ముందు పెడతారా లేదా?

మామిడితోట
నాకు ఎనిమిది పేర్లు గుర్తున్నాయి, రాత్రికి పంపుతాను. మిగతావి అక్కను అడగాలి. ఈ చర్చ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

కొత్త సభ్యురాలు
మా అమ్మ ఆ జట్టులో ఆడింది. మీ అక్కగారి పక్క గడిలో కూర్చునేదట. పన్నెండు పేర్లూ ఇప్పుడే వరుసగా చెప్పింది, రాసుకున్నాను. ఎవరికి పంపాలి?