ఫ్రీక్వెన్సీనే ఒక దిక్కుగా తీసుకుంటే దానికి అంచు ఎక్కడ?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టులో ఒకచోట ఆగిపోయాను, సాయం కావాలి. నా అంశం టోపోలాజికల్ ఫోటోనిక్స్, అంటే కాంతిని ఒక అమరిక అంచు వెంబడే చెదరకుండా నడిపించడం.

2013లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ యూనివర్సిటీ బృందం గాజులో తేనెపట్టు అమరికలో మెలికల వేవ్‌గైడ్లు (కాంతి నడిచే సన్నని దారులు) చెక్కి, కాంతి వెనక్కి చెదరకుండా అంచు వెంబడే పోతుందని చూపించింది. అది బాగానే అర్థమైంది. నా చిక్కంతా సింథటిక్ డైమెన్షన్ దగ్గరే, అంటే నిజం దిక్కుకి బదులు ఫ్రీక్వెన్సీ లాంటి కాంతి లక్షణాన్నే ఒక దిక్కుగా వాడుకోవడం.

నా మోడల్‌లో వరసగా 10 ఫైబర్ రింగులున్నాయి. ఒక్కో రింగులో సమాన ఎడంతో ఉండే ఫ్రీక్వెన్సీ మెట్లే రెండో దిక్కు. 10 మీటర్ల రింగుకి ఆ ఎడం సుమారు 20 మెగాహెర్ట్జ్. రింగులోని మాడ్యులేటర్‌ని (కాంతిని లయబద్ధంగా మార్చే పరికరం) సరిగ్గా అంతే ఫ్రీక్వెన్సీతో నడిపితే కాంతి పక్క మెట్టుకి దూకుతుంది. ఆ మాడ్యులేషన్ ఫేజ్‌ని (లయ ఎక్కడ మొదలవుతుందో దాన్ని) రింగు రింగుకీ సమానంగా పెంచుకుంటూ పోతే, కాంతి అయస్కాంత క్షేత్రంలో ఉన్నట్టే నడుచుకుంటుంది.

కంప్యూటర్‌లో 21 మెట్లు పెట్టాను. చివరి మెట్టు దగ్గర కాంతి చక్కగా మలుపు తిరిగి పక్క రింగులోకి పోయింది. చాలా సంతోషమేసింది. నిన్న 41 మెట్లు పెడితే మలుపు కూడా కొత్త చివరి మెట్టు దగ్గరికే మారింది. అంటే ఆ అంచు నేను గీసిందే కదా! నిజం ఫైబర్‌లో మెట్లకి అలా చివరంటూ ఉండదు. మరి అక్కడ అంచు ఎలా తెస్తారు? డిస్పర్షన్ (ఫ్రీక్వెన్సీని బట్టి ఫైబర్‌లో కాంతి వేగం మారడం) వల్ల మెట్ల ఎడం మారి దానంతటదే ఆగుతుందా, లేక పక్కన చిన్న రింగు జతచేసి ఒక మెట్టుని అడ్డుకోవాలా? రెండోదైతే ఆ రెండు రింగుల మధ్య కప్లింగ్ (కాంతి ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి పోయే బలం) మాడ్యులేషన్ బలం కంటే ఎంత ఎక్కువ ఉండాలి?

ల్యాబ్‌లో చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే వారమే వైవా, టెన్షన్‌గా ఉంది.