అప్‌డేట్: సాఫ్ట్‌నర్‌లో హార్డ్‌నెస్ సమస్య తీరింది

రీజనరేషన్ (సాఫ్ట్‌నర్‌ను ఉప్పునీటితో కడిగి మళ్లీ పనికి సిద్ధం చేయడం) చేసిన నాలుగు గంటలకే మా బాయిలర్ సాఫ్ట్‌నర్ నీళ్లలో హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం) ఎందుకొస్తోందని పోయిన వారం అడిగాను కదా. రెజిన్ (సాఫ్ట్‌నర్‌లో హార్డ్‌నెస్‌ను పట్టుకునే పూసలు) పోయింది, మార్చాల్సిందేనని సర్వీస్ వాళ్లు కొటేషన్ కూడా ఇచ్చేశారు. మీలో ఒకరు మాత్రం ముందు ఉప్పు ట్యాంకులో కర్రతో పొడిచి చూడమన్నారు. నవ్వుకున్నాను గానీ, పొడిచాను. పైన అరడుగు మందాన ఉప్పు పెళ్లలా గడ్డకట్టి ఉంది, కింద అంతా బోలు! నీళ్లకు ఉప్పే తగలకపోతే ఉప్పునీరు చిక్కగా ఎలా వస్తుంది? రెజిన్ పట్టుకున్న కాల్షియం, మెగ్నీషియం వదలాలంటే సుమారు 10 శాతం ద్రావణం కావాలి. మాకు 3 కూడా లేదు. పెళ్ల పగలగొట్టి, ఉప్పునీటిని లాగే ఇంజెక్టర్ జాలీ కడిగి, రెండుసార్లు రీజనరేషన్ చేశాం. ఈ ఉదయం శాంపిల్‌లో బఫర్ (pH నిలిపే ద్రావణం) కలిపి ఈబీటీ (హార్డ్‌నెస్ ఉంటే ఎరుపు, లేకపోతే నీలం చూపే సూచిక) వేస్తే ఎరుపు జాడే లేదు, నేరుగా నీలం. కొటేషన్ ఇంకా మేనేజర్ గారి టేబుల్ మీదే ఉంది.