సమస్య: "తీపి పంచి జనులు తిట్టినారు"

నిర్వాహకుడు
ఈ వారం లైను ఇది, పద్యంలో ఆఖరి పాదంగా రావాలి. నిన్న రాత్రి పాత ఫుట్‌బాల్ వార్తలు చదువుతుంటే దానంతట అదే నోట్లో పడింది. షరతు ఒక్కటే. పూరణలో కొరియా డిఫెండర్, తర్వాత కోచ్ అయిన హాంగ్ మ్యుంగ్-బో కథ ఉండాలి. సంక్రాంతి అల్లుళ్ళూ అరిసెలూ వద్దు, పోయినసారి చాలినన్ని తిన్నాం.

అరసున్న
పూరణ తర్వాత సంగతి, ముందు సమస్యకే అక్షింతలు. "తీపిఁ బంచి" అనాలి. ద్రుతం మీద సరళాదేశం, అంటే 'ప' కాస్తా 'బ' కావడం, నిర్వాహకులకు మినహాయింపా?

నిర్వాహకుడు
జడానికి ద్వితీయ బదులు ప్రథమ వాడొచ్చని పోయిన ఉగాదికి నాకు పాఠం చెప్పింది తమరే.

అరసున్న
ప్రథమ అయితే గసడదవలొచ్చి "తీపి వంచి" అవుతుంది. వంచండి మరి.

నిర్వాహకుడు
బహుళం అన్నమాట ఒకటుందండీ, వస్తే రావచ్చు, రాకపోతే లేదు. పూరణలు రానివ్వండి.

పాతగుమాస్తా
బ్రెజిలు నుండి వారు బేలలై తిరిగి రా
నించియాను నేల నెదురు వచ్చి
యంటుకొనెడు పాక మచ్చముగ విసరి
తీపి పంచి జనులు తిట్టినారు

2014 ప్రపంచ కప్పు, కోచ్ హాంగ్. రష్యాతో 1-1, అల్జీరియా చేతిలో 2-4, బెల్జియం చేతిలో 0-1. గ్రూపులో అట్టడుగు. జట్టు ఇంచియాన్ విమానాశ్రయంలో దిగితే అభిమానులు వాళ్ళ మీదికి "యొట్" విసిరారు. బియ్యప్పాకంతో చేసే మిఠాయి, మన జీడిలాగా పళ్ళకి అంటుకుంటుంది. "యొట్ తిను" అనడం అక్కడ పెద్ద బూతు. సమస్య విడిపోయింది కదా, ఇక నేను కాఫీకి వెళ్తాను.

నల్లేరు
కిటుకు పట్టింది మీరే గుమాస్తా గారూ, ఒప్పుకుంటాను. కానీ "అచ్చముగ" ఏమిటి? యతి కోసం అరువు తెచ్చిన మాట. వంకాయ సమస్యలోనూ "అచ్చముగ వేగె" అన్నారు, అంతకుముందు వానాకాలం పద్యంలోనూ ఇదే. మీ సంచిలో అకారానికి ఇంకో మాట లేదా? పైగా విసిరాక మళ్ళీ పంచడం ఎలా?

పాతగుమాస్తా
వంకాయ పద్యానికి మెచ్చుకోళ్ళు వచ్చాయి. మీ దొండకాయ పద్యానికి ఏమొచ్చాయో అందరికీ తెలుసు.

రెండో రిఫరీ
నేను ఛందస్సులో బెంచీ మీద ఆటగాణ్ణి, అయినా దిగుతున్నా. గుమాస్తా గారు మిఠాయి దగ్గరే ఆగిపోయారు, మనిషిని వదిలేశారు. హాంగ్ 1990, 94, 98, 2002, నాలుగు ప్రపంచ కప్పులు వరసగా ఆడాడు. దేశం తరఫున మొత్తం 136 మ్యాచ్‌లు. 94లో డిఫెండరై ఉండి స్పెయిన్ మీద ఒక గోల్, జర్మనీ మీద ఒక గోల్. 2002లో కెప్టెన్, క్వార్టర్ ఫైనల్లో స్పెయిన్ మీద చివరి పెనాల్టీ కొట్టింది ఈయనే. ఆ టోర్నీలో మూడో ఉత్తమ ఆటగాడికిచ్చే కంచు బంతి కూడా. అందుకే:

స్పెయిను మీద నాడు చివరి తన్నున గెల్వ
హాంగు పేర జనులు హారతెత్తి
యల్జిరీయ చేత నవమాన పడి రాగానె
తీపి పంచి జనులు తిట్టినారు

అరసున్న
ఎత్తుగడ బాగుంది తమ్ముడూ. హారతి ఇచ్చిన చేతులే తిట్టాయన్న విరుపు గుమాస్తా గారి పద్యంలో లేదు. (ఆయన కాఫీ తాగుతూ ఇది చదవాలి.) కానీ మూడో పాదం చివర ఒక అక్షరం ఎక్కువైంది. "పడి రాగ" అని ఆగిపోతే చక్కగా సరిపోయేది.

రెండో రిఫరీ
అది ఇంజురీ టైమ్‌లో కలిపిన అక్షరమండీ.

అరసున్న
సరే, "హారతెత్తి"కి ఏ టైమ్ కలుపుతారు? ఇకారసంధి 'ఏమి' లాంటి ఏమ్యాదులకే. "జనులు" రెండుసార్లు వచ్చింది, అది వదిలేస్తున్నా.

పాతగుమాస్తా
కాఫీ అయింది. హాంగ్ ఆడింది లిబెరోగా. లిబెరో అంటే వెనక కాపలా కాస్తూనే బంతి ముందుకు తీసుకెళ్ళేవాడు. మన యతిలాంటివాడు, నాలుగో గణం దగ్గర నిలబడి మొదటి అక్షరానికి జవాబు చెప్పుకుంటాడు. రిఫరీ గారి పద్యంలో యతులన్నీ నిలబడ్డాయి, గణం పారిపోయింది. నా దాంట్లో ఏదీ పారిపోలేదు.

నల్లేరు
ఇప్పుడు నాది. కొరియాలో పరీక్షకు వెళ్ళే పిల్లలకి ఇదే యొట్ పెట్టి పంపుతారు. అంటుకోవడానికీ, పాసవడానికీ వాళ్ళ భాషలో ఒకే మాట.

పాసు కొరకు పెట్టి పంపెడు పాకమే
ఫెయిలు కాగ నేల విసిరి వైచి
కంచు తెచ్చినట్టి ఘనుడని తలచక
తీపి పంచి జనులు తిట్టినారు

కంచు అంటే 2012 లండన్ ఒలింపిక్స్. కార్డిఫ్‌లో జపాన్ మీద 2-0. ఆ పతకంతో కుర్రాళ్ళకి సైనిక సేవ తప్పింది. రెండేళ్ళకే అదే కోచ్‌కి యొట్.

అరసున్న
ఆగండాగండి. "కాగ నేల". నేల మీద విసరడమా, "కాగన్ ఏల" అని అడగడమా? ఫెయిలైతే ఎందుకు విసరాలి అన్న నిలదీత కూడా అందులోనే ఉంది! శ్లేష తెలిసే వేశారా?

నల్లేరు
తెలియకుండా పడింది. తెలిసి వేశానని రాసుకోండి.

పాతగుమాస్తా
శ్లేష సరే, న్యాయం చూడండి. ఊరికే తిట్టలేదు జనం. ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్లో ఆటే దొరకని పార్క్ చు-యంగ్‌ని ఒలింపిక్ చుట్టరికంతో జట్టులో పెట్టాడని కోపం. హాంగ్ 2024 జూలైలో ఉల్సాన్ క్లబ్బుని సీజన్ మధ్యలో వదిలి మళ్ళీ దేశపు జట్టుకి వచ్చాడు, ఆ ఉల్సాన్‌కి 2022, 23 రెండేళ్ళూ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టింది ఆయనే. సియోల్‌లో పాలస్తీనాతో 0-0 అయిన రోజు సొంత ప్రేక్షకులే గేలి చేశారు. ఆ నియామకం మీద పార్లమెంటు కమిటీలో కూడా నిలదీశారు. "ఘనుడని తలచక" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా?

రెండో రిఫరీ
2025 జూన్‌లో బాస్రాలో ఇరాక్‌ని 2-0తో కొట్టి ప్రపంచ కప్పుకి తీసుకెళ్ళిందీ ఆయనే కదండీ.

పాతగుమాస్తా
దానికి ఇంకో పద్యం రాయండి, ఈసారి గణాలతో.

నిర్వాహకుడు
శ్లేషకి నా ఓటు నల్లేరు గారికి. గుమాస్తా గారి మూడో పాదం నేను సవరిస్తా: "యంటుకొనెడు పాక మందరు విసిరిరి". గణాలు పడ్డాయి, అచ్చముగ పోయింది.

పాతగుమాస్తా
అందరూ విసరలేదు. విసిరింది కొందరు.

నిర్వాహకుడు
"కొందరు" యతికి రారు.

అరసున్న
ఇంచియాన్‌కి ఇంకో బస్సు జనాన్ని పంపండి.