పర్లాకిమిడి: పాత బెల్జియం .32 పిస్టల్ తీసుకోవాలా, వాడిన అశని తీసుకోవాలా?

మహేంద్రతనయ:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. లైసెన్సు గజపతి కలెక్టరాఫీసు ఇచ్చింది, చెల్లుబాటు ఒడిశా మట్టుకే. నాన్నగారి 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఇప్పటికే అందులో ఎక్కి ఉంది. రెండో ఆయుధంగా .32 పిస్టల్‌కు అనుమతి వచ్చింది. మిల్లు ఊరికి దూరం, రాత్రిళ్లు డబ్బుతో తిరిగి రావాలి, అందుకే.

రెండు బేరాలున్నాయి. ఒకటి టెక్కలిలో ఒక పెద్దాయన దగ్గరున్న బెల్జియం ఎఫ్ఎన్ బ్రౌనింగ్, 1910 మోడల్. పైన నలుపు చెక్కుచెదరలేదు, మ్యాగజైన్ (తూటాలు పెట్టే గూడు) మాత్రం ఒక్కటే. వయసు మీదపడి లైసెన్సు వదులుకుంటానంటున్నారు. రెండోది బరంపురంలో డీలరు దగ్గర అమ్మకానికి పెట్టిన అశని, మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 పిస్టల్. కొన్నేళ్లు వాడినది. రెండు మ్యాగజైన్లు, పెట్టె, బిల్లు అన్నీ ఉన్నాయి. బెల్జియందానికి చాలా ఎక్కువ చెబుతున్నారు. "ఫారిన్ సరుకు, మళ్లీ దొరకదు" అని చుట్టుపక్కలవాళ్లు ఎగదోస్తున్నారు. చేతిలోకి తీసుకున్నాక ఏమేం చూడాలి? ఏది తేలితే వద్దనేయాలి?

వంశధార:

తమ్ముడూ, ముందు ఒక లెక్క. 2019లో ఆయుధాల చట్టం సవరించాక ఒక మనిషి పేరున మూడు కాదు, రెండే. వారసత్వంగా వచ్చిన తుపాకీ కూడా ఆ రెండులోదే. అంటే ఈ పిస్టల్‌తో నీ లైసెన్సు నిండిపోతుంది. రేపు ఇది నచ్చక ఇంకోటి తెచ్చుకోవాలంటే దీన్ని అమ్మాలి, లైసెన్సు పుస్తకంలోంచి కొట్టేయించాలి, మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి. కాబట్టి మోజు పక్కనపెట్టి చూడు.

ఇక టెక్కలి బేరం. సొంత వాడకానికి ఉంచుకున్న ఆయుధాన్ని ఇంకో లైసెన్సుదారుకు అమ్మడానికి 1959 చట్టం సెక్షన్ 5 దారి ఇచ్చింది, కానీ అమ్మేవాడు తన జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసు స్టేషను అధికారికో రాతపూర్వకంగా చెప్పాలి. అందులో కొనేవాడి పేరు, చిరునామా ఉండాలి. చెప్పిన రోజు నుంచి 45 రోజులు గడిచాకే చేతులు మారాలి. ఆ అర్జీ మీద అందినట్టు ముద్ర వేయించి నకలు తీసుకో. 45 రోజులు లెక్క పెట్టేది ఆ ముద్ర తేదీ నుంచే. పెద్దాయన నోటిమాటగా "ఎస్సైకి చెప్పానులే" అంటే దానికి విలువ లేదు.

రెండు రాష్ట్రాల మధ్య బేరం కాబట్టి గజపతి కలెక్టరాఫీసు ఆర్మ్స్ సెక్షన్ నుంచి ఫలానా నంబరు పిస్టల్ కొనడానికి అభ్యంతరం లేదన్న కాగితం ముందే తీసుకో. అది లేకుండా శ్రీకాకుళం వైపు ఫైలు కదలదు.

నీ ఊళ్లో అందరూ తేలిగ్గా తీసుకునే సంగతి ఒకటుంది. పాతపట్నం మనకు పక్క వీధిలాంటిదే కావచ్చు, కానీ ఒడిశా మట్టుకే చెల్లే లైసెన్సుతో పిస్టల్ నడుముకు పెట్టుకుని హద్దు దాటితే లైసెన్సు లేనివాడికీ నీకూ తేడా ఉండదు. టెక్కలి నుంచి తెచ్చుకునే దారికి విడిగా అనుమతి రాయించుకో. లేకపోతే పెద్దాయన అక్కడి డీలరు దగ్గర జమచేసి, ఆ డీలరు నుంచి బరంపురం డీలరుకు పంపించేలా మాట్లాడుకో. ఖర్చు కాస్త పెరుగుతుంది, తలనొప్పి తగ్గుతుంది.

"నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని చూడు బాబూ" అని ఇచ్చినా తీసుకోకు. నీ పుస్తకంలో ఆ నంబరు ఎక్కేదాకా అది నీ ఇంట్లో ఉండడం నేరమే. చూడడమంతా ఆయన ఎదుటే, లేదా డీలరు కొట్లోనే. పెద్దాయన లైసెన్సుకు యూఐఎన్ (గుర్తింపు) నంబరు ఉందా, అందులో ఈ పిస్టల్ నంబరే ఉందా అనేది అసలు పుస్తకంలో చూడు, జిరాక్సులో కాదు.

పాతఇనుము:

కాగితాలు వంశధార గారు చెప్పారు. నేను ఇనుము సంగతి చెబుతాను.

చేతికిచ్చీ ఇవ్వగానే మొదట మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడు (పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) వెనక్కి లాగాలి, చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) కంటితో చూసి చిటికెనవేలు పెట్టి తడమాలి. ఈ వరస తిరగబడితే, అంటే మ్యాగజైన్ ఉండగానే స్లైడు లాగితే, పైనున్న తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి "ఖాళీ" అనుకునేవాళ్లే ప్రమాదం చేస్తారు.

ఫ్రేమ్ మీద, స్లైడు మీద, బ్యారెల్ మీద ఉన్న నంబర్లు మూడూ ఒకటేనా? 1910 మోడల్‌లో బ్యారెల్ నంబరు ఖాళీ గుల్ల బయటికి వచ్చే కిటికీలోంచి కనిపిస్తుంది. తేడా ఉంటే ఏదో ఒక భాగం మార్చినట్టే. అసలు బెల్జియం సరుకైతే లియేజ్ ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించే సంస్థ) ముద్రలు ఉంటాయి. అక్షరాలు ఎగుడుదిగుడుగా చెక్కి, స్పెల్లింగు తప్పిన "మేడ్ ఇన్" రాతలు కనిపిస్తే అది బీహారులోని ముంగేర్ దొంగ తయారీ కావచ్చు, అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి. నలుపు మరీ మెరుస్తుంటే కూడా అనుమానించాలి. కొత్తగా రంగు తేల్చేముందు రుద్దించిన పిస్టల్‌లో అంచులు గుండ్రబడతాయి, ముద్రలు సగం చెరిగిపోతాయి. తుప్పు గుంటలు దాయడానికే ఎక్కువగా అలా చేస్తారు.

బ్యారెల్‌ను వెనకనుంచి వెలుతురుకు పెట్టి చూడండి. గీతలు (రైఫ్లింగ్) అంచులు స్పష్టంగా ఉండాలి. చిన్న మచ్చలు పర్వాలేదు. లోపల ఒకచోట నల్లటి వలయంలా కనిపిస్తే అక్కడ బ్యారెల్ ఉబ్బిందని అర్థం. ఎప్పుడో ఒక గుండు లోపలే ఇరుక్కుని, దాని వెనక ఇంకోటి కాల్చి ఉంటారు. అది కొనకూడదు, ధర ఎంత తగ్గించినా సరే.

.32 పిస్టళ్లు దాదాపు అన్నీ బ్లోబ్యాక్. అంటే పేలిన క్షణంలో తూటా గుల్లను వెనక్కి రాకుండా ఆపేది తాళం కాదు, స్లైడు బరువు, రికాయిల్ స్ప్రింగు బిగువు, అంతే. స్ప్రింగు సోలిపోతే స్లైడు ప్రతిసారీ ఫ్రేమ్‌ను సుత్తిలా కొడుతుంది. కొన్నాళ్లకు ఫ్రేమ్ వెనక భాగంలో, స్లైడు జారే పట్టాల దగ్గర వెంట్రుకలాంటి పగుళ్లు వస్తాయి. గొట్టం పైకి ఎత్తి పట్టుకుని, స్లైడును ఒక అరంగుళం వెనక్కి లాగి మెల్లగా వదలండి. దానంతట అదే పూర్తిగా మూసుకోవాలి. చివర్లో వేలితో తోయాల్సివస్తే స్ప్రింగు అయిపోయింది, లేదా లోపల జిడ్డు గడ్డకట్టింది. జిడ్డైతే కిరోసిన్‌తో కడిగితే పోతుంది, స్ప్రింగైతే కొత్తది దొరకాలి. 1910 మోడల్లో ఆ స్ప్రింగు బ్యారెల్ చుట్టూ ఉంటుంది, మూతి దగ్గరున్న గరుకు రింగును లోపలికి నొక్కి తిప్పితే ఊడుతుంది. నొక్కిపట్టకుండా తిప్పితే రింగూ స్ప్రింగూ మొహం మీదికే ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి.

సేఫ్టీ పరీక్ష ఖాళీ పిస్టల్‌తోనే. స్లైడు లాగి వదిలి, సేఫ్టీ వేసి, ట్రిగ్గరు గట్టిగా నొక్కి వదలండి. తర్వాత ట్రిగ్గరు తాకకుండా సేఫ్టీ దించండి. ఆ దించేటప్పుడు "టిక్" మంటే లోపలి సియర్ (ట్రిగ్గరు నొక్కేదాకా పేల్చే పిన్నును ఆపి ఉంచే కొక్కెం) అరిగింది, వదిలేయండి. తర్వాత ట్రిగ్గరు నొక్కి అలాగే పట్టుకుని స్లైడు లాగి వదలండి. ట్రిగ్గరు మెల్లగా వదులుతుంటే పట్టు దొరికినట్టు చిన్న చప్పుడు రావాలి, మళ్లీ నొక్కితేనే పిన్ను పడాలి. స్లైడు మూసుకోగానే పిన్ను దానంతట అదే పడితే ఆ పిస్టల్ ఒక్క నొక్కుకు రెండు మూడు కాల్చేస్తుంది. 1910 మోడల్‌కు మ్యాగజైన్ సేఫ్టీ, గ్రిప్ సేఫ్టీ రెండూ ఉంటాయి, కాబట్టి ఖాళీ మ్యాగజైన్ పెట్టి, పిడి పూర్తిగా పట్టుకుని చూడకపోతే ట్రిగ్గరు పనిచేయడంలేదని పొరబడతారు. పాత పిన్నులు ఖాళీగా కొడితే విరగవచ్చు. డమ్మీ (మందు లేని ఉత్తుత్తి) తూటా వేసి చూడండి.

డమ్మీలు అయిదారు వెంట తీసుకెళ్లండి. మ్యాగజైన్‌లో పెట్టి చేత్తో స్లైడు లాగుతూ ఒక్కోటి ఎక్కించి బయటికి తోయించండి. అన్నీ ఒకే వైపు పడాలి. కిందే జారిపోతుంటే గుల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం చిట్లి ఉండవచ్చు. అసలు తూటాలతో ఈ పని ఇంట్లో చేయవద్దు, డీలరు కాల్చే చోట మాత్రమే.

నాగావళి:

పై మాటలన్నీ బెల్జియం పిస్టల్‌ను భయపెట్టేలా ఉన్నాయి గానీ, ఆ పనితనం మన అశనిలో కనబడదు. చేతిలో కుదురు, ట్రిగ్గరు మెత్తదనం, పైన ఎక్కడా బట్టకు తగిలే కొనలు లేకపోవడం... మోయడానికి దాన్ని మించింది లేదు. ధర ఎందుకు ఎక్కువంటే 1980ల నడుమ నుంచి మామూలు లైసెన్సుదారుకు విదేశీ పిస్టల్ దిగుమతి ఆగిపోయింది. ఉన్నవే చేతులు మారుతున్నాయి. రేపు అమ్మినా అదే ధర వస్తుంది.

పాతఇనుము:

నాగావళి గారూ, అలమరలో పెట్టుకోడానికైతే మీ మాటకు తిరుగులేదు. ఆయనకు రాత్రిపూట మోయడానికి కావాలి. 1910 మోడల్లో హ్యామర్ (బయటి సుత్తి) లేదు, లోపల స్ప్రింగుతో బిగిసి ఉండే పిన్ను. దాన్ని కింద పడ్డప్పుడు అడ్డుకునే ప్రత్యేక బ్లాకు ఏదీ లేదు. అరిగిన సియర్‌తో, చాంబర్‌లో తూటాతో నేలమీద పడితే పేలే అవకాశం ఉంది. చాంబర్ ఖాళీగా ఉంచి మోయాల్సిందే. (నన్నడిగితే ఏ పాత పిస్టలైనా అంతే.)

మ్యాగజైన్ ఒక్కటే అన్నదే నాకు పెద్ద అభ్యంతరం. పిస్టల్ సగం రోగాలు మ్యాగజైన్‌వే. పై పెదవులు రెండూ సమాంతరంగా ఉండాలి, వెనక వెల్డింగు గీత పగలకూడదు, తూటాలను కిందనుంచి ఎత్తే పళ్లెం వంగకూడదు. పెదవులు అర మిల్లీమీటరు తెరుచుకున్నా తూటా ముక్కు పైకెత్తి ఇరుక్కుంటుంది. అశనికి మ్యాగజైన్, స్ప్రింగు డీలరు తెప్పించగలడు. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు 2021లో కంపెనీలుగా విడిపోయాక చిన్న ఆయుధాలు కాన్పూర్‌లోని ఏడబ్ల్యూఈఐఎల్ కిందికి వచ్చాయి, ఆర్డరు అటే వెళుతుంది. 1910కి ఎవరైనా మిస్త్రీ చేత కొట్టించాలి, అది మూడోసారికి వంగుతుంది.

మహేంద్రతనయ:

మంచి మాటలు. ఇంకొకటి. పెద్దాయన ఓ డబ్బా పాత తూటాలు కూడా ఇస్తానంటున్నారు. నాన్నగారి స్నేహితుడొకరు తన రివాల్వర్ .32 తూటాలు కూడా పడతాయన్నారు. నిజమేనా?

వంశధార:

రెండూ వద్దు తమ్ముడూ. రివాల్వర్‌ది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, గుల్ల 23 మి.మీ. దాటి పొడుగు, అడుగున వెడల్పు అంచు. పిస్టల్‌ది .32 ఏసీపీ, 7.65 మి.మీ. అని కూడా రాస్తారు, గుల్ల 17 మి.మీ. పైచిలుకు. లైసెన్సులో రెంటికీ .32 అని రాసినా ఒకదాంట్లో ఒకటి పనికిరాదు. కొనేటప్పుడు డబ్బా మీద పేరు మొత్తం చదువు. మనకు డీలరు దగ్గర దొరికేవి ఎక్కువగా ఖడ్కీవి, గుల్ల అడుగున కేఎఫ్ అని ఉంటుంది. ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అనేది నీ పుస్తకంలోనే రాసి ఉంటుంది. ప్రతి కొనుగోలూ అందులో ఎక్కాలి. పెద్దాయన తూటాలు ఆయన పుస్తకం లెక్కలోవి, వాటిని స్టేషనులోనో డీలరు దగ్గరో జమచేయమను.

పాతఇనుము:

పాత తూటా చేసే చెడు ఇంకోటి. తేమ పట్టిన మందు సరిగ్గా పేలక "పుస్" మంటుంది, గుండు బ్యారెల్ మధ్యలో ఆగుతుంది. చప్పుడు తక్కువైతే ఆ క్షణమే ఆపి, మ్యాగజైన్ తీసి, స్లైడు తెరిచి, ఇత్తడి కడ్డీ దూర్చి చూడాలి. పైన చెప్పిన నల్ల వలయం అలాగే పుడుతుంది.

.32 ఏసీపీ తూటాకు అడుగున సన్నటి అంచు ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనక్కి పోతే రెండూ ఒకదానికొకటి పట్టేసుకుంటాయి, ఇక చేత్తో తట్టినా కదలదు, మ్యాగజైన్ విప్పాల్సిందే. పొట్టి హాలో పాయింట్ (ముక్కున గుంట ఉన్న) తూటాలతో ఇది ఎక్కువ. 71 గ్రెయిన్ల గుండ్రటి రాగిపూత గుండుతో తక్కువ. బరంపురంలో అశనిని ఆ గుండ్లతోనే ఒకే మ్యాగజైన్ మూడుసార్లు నింపి కాల్పించి చూడండి. గుల్లలు ఏరుకుని చూడండి. పిన్ను గుర్తు నడిమధ్యన ఉందా, గుల్ల పక్కన చీలిందా, అడుగు ఉబ్బిందా. మూడింటిలో ఒక్కసారి తూటా ఇరుక్కున్నా రెండో మ్యాగజైన్‌తో మళ్లీ కాల్పించండి. అప్పుడు ఇరుక్కోకపోతే మొదటి మ్యాగజైన్ మార్పించుకోండి, ఇంకా ఇరుక్కుంటే పిస్టల్ వద్దనండి.

వంశధార:

కొన్నాక తోలు ఒరలో పెట్టి బీరువాలో వదిలేయకు. మహేంద్రగిరి వైపు వానాకాలం తేమకు తోలు నీళ్లు పీల్చి పిస్టల్‌ను తుప్పు పట్టిస్తుంది. నూనె గుడ్డలో చుట్టి, సిలికా సంచి వేసి ఇనప పెట్టెలో పెట్టు. తూటాలు వేరే తాళంలో. ఎన్నికల నోటిఫికేషన్ వస్తే జమచేయమని ఉత్తర్వు రావచ్చు, ఇచ్చేముందు నంబరుతో రసీదు రాయించుకో, తిరిగొచ్చాక మ్యాగజైన్లు రెండూ ఉన్నాయో లేదో అక్కడే లెక్కపెట్టు.

మహేంద్రతనయ:

టెక్కలి వారికి వద్దని చెబుతాను. సోమవారం ఆర్మ్స్ సెక్షన్‌కు వెళ్లి అశని నంబరు మీద అర్జీ పెట్టి, డమ్మీలు తీసుకుని బరంపురం వెళతాను. పాతఇనుము గారూ, డమ్మీలు .32 ఏసీపీవి డీలరు దగ్గరే దొరుకుతాయా, లేక విడిగా తెప్పించాలా?

పాతఇనుము:

స్నాప్ క్యాప్ అని అడగండి, కొంతమంది డీలర్లు పెడతారు. లేకపోతే మందు, ప్రైమరు లేని ఖాళీ గుల్లకు గుండు బిగించి ఇమ్మని లైసెన్సున్న గన్‌స్మిత్‌నే అడగండి, ఇంట్లో తూటా విప్పి చేసుకోవద్దు.